ఫ్లాటా, ప్లాటా? ఒకేలా వినిపించే ఇంగ్లీష్ మాటలను విడదీసుకోవడం ఎలా

మా బావ మియాపూర్‌లో ఇల్లు కొన్నాడు. ఆ కబురు ఊళ్ళో అందరికీ చేరవేసే పని మా అమ్మ తీసుకుంది. కాకపోతే "ప్లాటు కొన్నాడు" అని చెప్పింది. మర్నాడు పెదనాన్న నాకు ఫోన్ చేసి "ఎన్ని గజాలురా? బోరు వేయించాడా? ముందు చుట్టూ గోడ పెట్టించమను, లేకపోతే ఎవడో ఒకడు రాళ్ళు పాతేస్తాడు" అని మొదలుపెట్టాడు. బావ కొన్నది ఐదో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. దానికి గోడలు ముందే ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఫకీ పకీ మధ్య తేడా ఒక్కోసారి లక్షల్లో ఉంటుంది. అయినా ఈ జంట ఎవరో ఒకరు నవ్వి సరిదిద్దేది కాబట్టి ఫరవాలేదు. అసలు ఇబ్బంది రాతలో పడతాం. ఆఫీసు మెయిల్‌లో, రెజ్యూమేలో, క్లయింటుకు పంపిన ప్రెజెంటేషన్‌లో తప్పు మాట పడితే ఎవరూ మన ముందు నవ్వరు, వెనకాల నవ్వుకుంటారు. నా మొదటి ఉద్యోగం ఆఫర్ లెటర్‌కి జవాబుగా నేను "యాక్సెప్ట్" రాయాల్సిన చోట "ఎక్సెప్ట్" రాశాను. ఆఫర్ ఒప్పుకుంటున్నాను అనబోయి, ఆఫర్‌ను మినహాయిస్తున్నాను అన్నట్టయింది. హెచ్ఆర్ ఆవిడ ఫోన్ చేసి "మీరు వస్తున్నట్టా, రానట్టా?" అని అడిగింది. అప్పటి టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత తోటివాళ్ళ మెయిళ్ళు దిద్దే పని ఎలాగో నా మెడకు చుట్టుకుంది. దాంతో ఒకటి తెలిసింది. "తరచుగా తికమకపడే వంద జంటలు" లాంటి లిస్టులు బట్టీ పడితే ఉన్న తికమక పెరుగుతుంది తప్ప తగ్గదు. రెండు మాటలను పక్కపక్కనే పెట్టి పదిసార్లు చదివితే అవి మనసులో మరింత గట్టిగా అతుక్కుంటాయి. ఆ రెండూ మన దగ్గర ఎందుకు కలిసిపోయాయో ముందు కనిపెట్టాలి. కారణం తెలిస్తే మందు తేలిక.

ఇంగ్లీష్ స్పెల్లింగులు చెప్పాల్సిన చోట అక్షరాల పేర్లు గీతలతో విడదీసి రాస్తాను. యాక్సెప్ట్ అంటే ఏ-సీ-సీ-ఈ-పీ-టీ, ఎక్సెప్ట్ అంటే ఈ-ఎక్స్-సీ-ఈ-పీ-టీ, ఇలాగన్నమాట. పక్కన ఒక కాగితం పెట్టుకుని రాసుకుంటూ చదివితే మంచిది.

మొదటి మెట్టు: జంట ఏ కుప్పలోదో తేల్చండి

తికమక జంటలన్నీ మూడు కుప్పలు. ఇంగ్లీష్ వాళ్ళ నోట్లో కూడా అచ్చంగా ఒకేలా పలికేవి ఒక కుప్ప. వాళ్ళ నోట్లో వేరుగా ఉండి, మన నోట్లో కలిసిపోయేవి రెండోది. ఇక మూడోది, ఆ ఇంగ్లీష్ మాటను తెలుగు ఎప్పుడో అరువు తెచ్చుకుని తన ఇష్టం వచ్చినట్టు వాడేసుకోవడం వల్ల పుట్టిన తికమక. ఈ మూడో కుప్ప గురించి ఏ ఇంగ్లీష్ పుస్తకమూ చెప్పదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసినాయనకు తెలుగు రాదు.

తేల్చుకోవడం ఎలాగంటే, ఫోన్‌లో ఏదైనా మంచి ఇంగ్లీష్ డిక్షనరీ తెరవండి. మాట పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది. రెండు మాటలనూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి, కళ్ళు మూసుకుని వినండి. ఇంకొకరి చేత నొక్కించుకుంటే ఇంకా మంచిది. ఏది నొక్కారో మీరు చెప్పగలిగితే తేడా శబ్దంలోనే ఉన్నట్టు. ఎన్నిసార్లు విన్నా చెప్పలేకపోతే, ఎలా పలకాలో చూపిస్తూ డిక్షనరీ మాట పక్కన ఇచ్చే గుర్తులు చూడండి. అవీ ఒకటే అయితే మొదటి కుప్ప. గుర్తులు వేరుగా ఉండి మీకు మాత్రమే ఒకేలా వినిపిస్తే రెండోది.

ఒకేలా వినిపించినంత మాత్రాన చెవి బాగాలేదని దిగులుపడకండి. మనం "కల్లు" అంటే ఒకటి, "కళ్ళు" అంటే ఒకటి. కల్లు ఎక్కువైతే కళ్ళు ఎర్రబడతాయి అన్నప్పుడు మనకెవరికీ అనుమానం రాదు. ఇదే మాట ఒక ఇంగ్లీష్ ఆయనకు చెప్పి చూడండి, రెండూ ఒకటే కదా అంటాడు. వాళ్ళకు ళ లేదు. మనకు వాళ్ళవి కొన్ని లేవు. అంతే తేడా.

రెండో మెట్టు: చెవికీ నోటికీ పని చెప్పండి

ఇది రెండో కుప్పకు. ఇక్కడ స్పెల్లింగు బట్టీ పట్టడం దండగ, శబ్దం పట్టుబడితే స్పెల్లింగు దానంతటదే వస్తుంది. మనకు ముఖ్యంగా ఇబ్బంది పెట్టేవి మూడు.

మొదటిది వ. తెలుగులో ఒక్కటే వ. ఇంగ్లీష్‌లో వీ వేరు, డబ్ల్యూ వేరు. నగరంలో వీధికో "వైన్స్" బోర్డు ఉంటుంది, అది డబ్ల్యూతో మొదలయ్యే వైన్. ఆ కొట్టుకు వెళ్ళి నిజంగా వైన్ అడిగేవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు, అది వేరే సంగతి. వీతో మొదలయ్యే వైన్ అంటే ద్రాక్ష తీగ. ఒకప్పుడు మన శివార్లలో ద్రాక్ష తోటలు ఉండేవి కదా, ఆ పందిళ్ళ మీద పాకింది ఈ వైన్. అద్దం ముందు నిలబడి ఇలా చేయండి. వీ పలకడానికి పై పళ్ళను కింది పెదవి మీద ఆనించి, గాలి వదులుతూ "వ్‌వ్‌వ్" అని మూడు సెకన్లు లాగండి. పెదవి తేనెటీగ తిరిగినట్టు జివ్వుమనాలి. డబ్ల్యూకి పళ్ళు ఎక్కడా తగలకూడదు. పెదవులు గుండ్రంగా చేసి "ఉ" అనబోతున్నట్టు మొదలుపెట్టి వెంటనే "ఐన్" అనేయండి. వారం రోజులు పళ్ళు తోముకునేటప్పుడు ఈ రెండూ పదేసిసార్లు అంటే చాలు. ఇంట్లోవాళ్ళు కొంచెం వింతగా చూస్తారు. వెట్ అంటే తడి, వెట్ అంటే పశువుల డాక్టర్. వెస్ట్ అంటే పడమర, వెస్ట్ అంటే బనియన్. ఈ జంటల్లో మొదటిది డబ్ల్యూ, రెండోది వీ.

రెండోది జెడ్. జే అయినా జెడ్ అయినా మనం జ అనే రాస్తాం. అందుకే "జెలస్" ఒకటే అనుకుంటాం. జేతో మొదలయ్యేది అసూయపరుడు. జెడ్‌తో మొదలయ్యేది పని మీద మహా పట్టుదల, ఉత్సాహం ఉన్నవాడు. రెజ్యూమేలో రెండోది రాయబోయి మొదటిది రాస్తే, నేను పక్కవాణ్ణి చూసి ఏడ్చే రకం అని సంతకం పెట్టి ఇచ్చినట్టే.

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్ళు అదృష్టవంతులు. ఉర్దూలో జెడ్ శబ్దం ఉంది. పాతబస్తీలో ఆటో అన్న "జరా ఆగే చలో" అంటాడు చూడండి, ఆ జరాలో ఉన్నది అచ్చమైన జెడ్. "జల్దీ" అన్నప్పుడు మాత్రం జే. ఈ రెండూ చెవిన పడుతూనే ఉంటాయి, పట్టించుకోవడమే తక్కువ. ఉర్దూ రాకపోయినా మన తెలుగులోనే ఒక ఆధారం ఉంది. "జడ" అనండి, తర్వాత "జెండా" అనండి. నాలుక తగిలే చోటు రెండింటికీ ఒకటి కాదు. జడలో జ పళ్ళ దగ్గర పలుకుతుంది, జెండాలో జ వెనక అంగిలి మీద. పాత రాతలో ఆ మొదటి జకు పైన గుర్తు పెట్టి వేరుగా రాసేవారు కూడా. జెడ్ కావాలంటే జడలో జ దగ్గర మొదలుపెట్టి, నాలుక పూర్తిగా ఆనించకుండా గాలిని జారనివ్వండి. జెండాలో జ దగ్గరకు మాత్రం పోవద్దు.

మూడోది ఊనిక. తెలుగులో మాటను అంతా ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీష్‌లో ఒక ముక్కను నొక్కి పలుకుతారు, మిగతావి మింగేస్తారు. పర్సనల్ అంటే సొంత, వ్యక్తిగత. దీంట్లో బరువు మొదటి ముక్క "పర్" మీద. ఆఖరి ముక్క "నెల్" మీద బరువు పడితే అది సిబ్బంది, పీ-ఈ-ఆర్-ఎస్-ఓ-ఎన్-ఎన్-ఈ-ఎల్. సిబ్బంది అంటే ఒకరికి ఇద్దరు, అందుకని రెండు ఎన్‌లు అని నేను గుర్తుపెట్టుకున్నాను. ఎడారికి "డె" మీద బరువు. భోజనం చివర తినే తీపికి "జర్ట్" మీద బరువు, ముందు ముక్క "డి" అని తేలిపోతుంది. ఇక ఆ తీపికి రెండు ఎస్‌లు, ఎడారికి ఒకటే. ఈ ఊళ్ళో పెళ్ళి భోజనం చేసినవాళ్ళు ఇది మర్చిపోవడానికి వీల్లేదు. డబుల్ కా మీఠా ఉన్నచోట డబుల్ ఎస్.

మూడో మెట్టు: తెలుగు మాట పెట్టి చూడండి

ఇది మూడో కుప్పకు. నా లెక్కలో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

లూజు ప్యాంటు, లూజు మోషన్లు, వాడో లూజుగాడు. ఈ మాటను మనం జతో పలుకుతాం. తీరా ఇంగ్లీష్‌లో చూస్తే వదులు అనే అర్థం ఉన్న మాటకు చివర స శబ్దం, "లూస్". ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ. జ లాంటి శబ్దంతో "లూజ్" అంటే పోగొట్టుకోవడం, ఓడిపోవడం. ఎల్-ఓ-ఎస్-ఈ. అంటే మన తెలుగు లూజు అర్థం ఒకదానిది, శబ్దం ఇంకోదానిది. ఇంతకంటే పక్కా ఉచ్చు ఉండదు. అందుకే "తాళం పోగొట్టుకోకు" అని రాయమంటే చదువుకున్నవాళ్ళు కూడా రెండు ఓలు పెట్టేస్తారు. వదులు చొక్కాలో రెండు ఓలు హాయిగా పడతాయి. పోగొట్టుకున్నవాడి దగ్గర ఒక ఓ పోయింది, ఒకటే మిగిలింది.

ఎఫెక్ట్ సంగతీ ఇంతే. "తుఫాన్ ఎఫెక్ట్", "మా ఏరియా బాగా ఎఫెక్ట్ అయింది" అని రెండు చోట్లా ఒకే మాట వాడతాం. ఇంగ్లీష్‌లో మొదటిచోట ఈతో మొదలయ్యేది, రెండోచోట ఏతో మొదలయ్యేది. పరీక్ష ఇది. ఆ మాట తీసేసి "ప్రభావం" పెట్టండి. తుఫాను ప్రభావం, అతికింది, కాబట్టి ఈ. "దెబ్బతీసింది", "దెబ్బతింది" పెడితే అతికితే ఏ. వాన ట్రాఫిక్‌ను దెబ్బతీసింది, ఏ. పదిలో తొమ్మిదిసార్లు ఇది చాలు. మార్పు తీసుకురావడం అనే అర్థంలో ఈతో మొదలయ్యేది క్రియగా కూడా వస్తుంది, మీరు వాడకపోయినా నష్టం లేదు.

సైట్ అనే మాటతో మనం ఆడుకున్నంత ఇంకెవరూ ఆడుకోలేదు. ఆదిబట్లలో సైట్ చూశాడు. నలభై దాటాక సైట్ వచ్చింది. బస్టాప్‌లో నిలబడి సైట్ కొడుతున్నాడు. మొదటిది స్థలం, ఎస్-ఐ-టీ-ఈ. రియల్ ఎస్టేట్ వాళ్ళ సైట్ విజిట్, ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ రెండూ ఇదే, ఎందుకంటే రెండూ ఒక చోటే. తర్వాతి రెండూ చూపుకు సంబంధించినవి, ఎస్-ఐ-జీ-హెచ్-టీ. లైట్ అనే మాటకు తోక ఏదో చూపుకూ అదే తోక, వెలుతురు ఉంటేనే కదా కనపడేది. సీతో మొదలయ్యే మూడోది మన తెలుగులోకి రాలేదు. దానర్థం ఉదహరించడం, ఎవరి మాటనో ఆధారంగా చూపించడం. థీసిస్ రాసే పిల్లలకు పనికొస్తుంది.

బ్రేక్ కూడా ఇదే కుటుంబం. తిరుమలలో బ్రేక్ దర్శనం, ఆర్టీఏ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్. దర్శనంది బీ-ఆర్-ఈ-ఏ-కే, ఇన్‌స్పెక్టర్‌ది బీ-ఆర్-ఏ-కే-ఈ. బైక్ చివర కే-ఈ, దాని బ్రేక్ చివరా కే-ఈ.

సలహా విషయంలో మాత్రం తెలుగే మనకు సాయం. సలహా అనే నామవాచకం "అడ్వైస్", స శబ్దం. సలహాలో మొదటి అక్షరమే స. సలహా ఇవ్వడం అనే క్రియ "అడ్వైజ్". శబ్దం స అయితే స్పెల్లింగు సీ-ఈ, జ అయితే ఎస్-ఈ. అలాగే మన పత్రికల్లో ఇంజనీరింగ్ సీట్లకు "కౌన్సెలింగ్" అనీ, శాసనమండలికి "కౌన్సిల్" అనీ రాస్తారు. సె ఉన్నచోట ఎస్-ఈ, సి ఉన్నచోట సీ-ఐ. తెలుగు రాతే స్పెల్లింగు చెప్పేస్తోంది.

నాలుగో మెట్టు: కొక్కెం తగిలించండి

ఇక మిగిలింది ఇంగ్లీష్‌లో కూడా ఒకేలా పలికే మొదటి కుప్ప. వీటికి చెవి పనికిరాదు. ఇంగ్లండ్‌లో విలియమ్ కాక్స్‌టన్ 1476లో ముద్రణాలయం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గట్టిపడ్డాయి, పలుకుబడి మాత్రం ఆ తర్వాత కూడా మారుతూనే పోయింది. రాత్రి అనే నైట్‌కూ, కేతో మొదలయ్యే యోధుడి నైట్‌కూ ఒకప్పుడు శబ్దంలో తేడా ఉండేది, ఆ కేను కూడా పలికేవారు. నోట్లోంచి కే పోయింది, కాగితం మీద ఉండిపోయింది. కాబట్టి ఈ కుప్పలో ప్రతి జంటకూ ఒక కొక్కెం, అంటే గుర్తుపెట్టుకునే చిట్కా, కావాలి. ఎవరో చెప్పిన కొక్కెం కన్నా మీరు కట్టుకున్నది ఎక్కువ కాలం ఉంటుంది. నావి కొన్ని చెబుతాను.

కోఠి ఫుట్‌పాత్‌లు తెలుసు కదా. బండి మీద పెన్నులు అమ్మేవాడు ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. షట్టర్ ఉన్న కొట్టువాడు ఎప్పుడూ అక్కడే. మధ్యయుగాల యూరప్‌లో కూడా అమ్ముకునేవాళ్ళు ఎక్కువమంది ఊరూరా తిరిగేవారే. యూనివర్సిటీల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు, కాగితాలు అమ్మేవాణ్ణి కదలకుండా ఉండేవాడు అనే అర్థంలో స్టేషనర్ అన్నారు. అతను అమ్మే సరుకు స్టేషనరీ అయింది. అంటే కదలకుండా ఉండటం, కాగితాలు పెన్నులు, రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయి. కొట్టువాడి పేరులో ఈ-ఆర్ ఉంది, అతనమ్మే పేపర్ చివరా ఈ-ఆర్ ఉంది, కాబట్టి సరుకుకు ఈ-ఆర్-వై. ట్రాఫిక్‌లో కదలని బండికి ఏ-ఆర్-వై.

కాంప్లిమెంట్ జంటకు బిర్యానీ చాలు. బిర్యానీ పక్కన మిర్చీ కా సాలన్ ఉంటేనే నిండుదనం. నిండుదనం అంటే కంప్లీట్, దాంట్లో ఎల్ తర్వాత ఈ ఉంది. కాబట్టి ఒకదాన్ని పూర్తిచేసేదానికి ఎల్ తర్వాత ఈ. తిన్నాక వంటవాణ్ణి మెచ్చుకుంటే అది ఎల్ తర్వాత ఐ. హోటల్‌లో ఊరికే ఇచ్చే బ్రేక్‌ఫాస్ట్ కూడా ఈ ఐ ఉన్నదే, మర్యాద కోసం ఇచ్చేది కనుక. సాలన్ బిర్యానీకి తోడూ అవుతుంది, దానికి విడిగా డబ్బులూ తీసుకోరు. అందుకని సాలన్‌కు రెండు స్పెల్లింగులూ సరిపోతాయి, ఎవరైనా వాదిస్తే ఈ పాయింటు లాగండి.

ప్రిన్సిపల్ అంటే కాలేజీ పెద్ద అని అందరికీ తెలుసు. బ్యాంకు లోన్‌లో వడ్డీ కాకుండా ఉండే అసలు కూడా ఈ మాటే, చివర పీ-ఏ-ఎల్. రెండిట్లోనూ అర్థం ముఖ్యమైనది అనే. సూత్రం, నియమం అయితే చివర పీ-ఎల్-ఈ. రూల్ అనే మాట ఎల్-ఈతో ముగుస్తుంది, సూత్రమూ అలాగే.

దేర్ అనే మాట అక్కడ అనే అర్థంలోనా, వాళ్ళది అనే అర్థంలోనా అన్నది పెద్దవాళ్ళు కూడా తప్పుతారు. మనకు ఇక్కడ, అక్కడ, ఎక్కడ మూడింటిలో "క్కడ" ఉంది. ఇంగ్లీష్‌లో కూడా ఆ మూడింటి చివర హెచ్-ఈ-ఆర్-ఈ ఉంటుంది, కాగితం మీద రాసి చూడండి. చోటు గురించి మాట్లాడుతుంటే ఆ నాలుగు అక్షరాలూ ఉండి తీరాలి. లేకపోతే అది వాళ్ళది. మధ్యలో అపాస్ట్రఫీ ఉన్నది "వాళ్ళు ఉన్నారు" అనే రెండు మాటల ముద్ద. విడదీసి చదివితే అతుకుతుందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

దెన్, దాన్ నిజానికి శబ్దంలో వేరే గానీ చాటింగ్‌లో అందరూ కలిపేస్తారు. వెన్ అని అడిగితే జవాబు దెన్, రెండిట్లోనూ ఈ. "కంటే" అని పోల్చేది ఏ.

నా పాత శత్రువులు యాక్సెప్ట్, ఎక్సెప్ట్‌లకు కొక్కెం ఎగ్జిట్ బోర్డు. మెట్రో స్టేషన్‌లో ఈ-ఎక్స్ కనిపిస్తే బయటికి దారి. ఈ-ఎక్స్‌తో మొదలైతే బయట పెట్టడం, మినహాయించడం.

ఐదో మెట్టు: పంపే ముందు వెతకండి

స్పెల్ చెక్‌ను నమ్ముకోవద్దు. జంటలో రెండూ సరైన మాటలే కాబట్టి ఎర్రగీత రాదు. ఈమధ్య వాక్యం చూసి పట్టుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, కొన్ని పట్టుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి.

మీరు నిజంగా తప్పే జంటలు ఎన్నో ఉండవు, ఐదారు ఉంటాయి. అవి ఎవరివి వాళ్ళవే. ఫోన్ నోట్స్‌లో మీ ఐదారు రాసుకోండి, పక్కన తెలుగు అర్థం, కొక్కెం, అంతే. ముఖ్యమైన మెయిల్ పంపే ముందు కంట్రోల్, ఎఫ్ నొక్కి ఒక్కో మాటనూ వెతకండి. కనిపించిన ప్రతిచోటా ఆగి తెలుగు అర్థం పెట్టి చదవండి. రెండు నిమిషాల పని. మీ జంట ఒకటి ఆరు నెలలు తప్పు లేకుండా గడిస్తే లిస్టులోంచి కొట్టేయండి.

కాగితం మీద అచ్చయ్యేదైతే ఇంకొకరి చేత చదివించండి. మొన్న బావ గృహప్రవేశం కార్డుకు ఇంగ్లీష్ మేటర్ తనే టైప్ చేసి, ఛత్తాబజార్‌లో ప్రింటుకు ఇచ్చి, ప్రూఫ్ నాకు వాట్సాప్‌లో పెట్టాడు. "మీ రాకను కోరుతున్నాం" అనాల్సిన చోట ప్రెజెన్స్ బదులు ప్రెజెంట్స్ పడింది. మీ కానుకలను కోరుతున్నాం అని వచ్చిందని చెప్పాను. బావ కాసేపు ఆలోచించి, "ఇప్పుడు మారిస్తే మళ్ళీ రెండ్రోజులు పడుతుందట, ఉండనీలే" అన్నాడు.